ముందున్నవాళ్ళు ఎందుకు రావాలి?

2025 జులై 8న సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లో ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. రైతులకి ఎవరేం చేశారో తేల్చుకుందాం, చర్చకు రండి అని అంతకు కొద్దిరోజుల ముందు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సవాల్ విసిరారు. ఆయన పిలిచింది కేసీఆర్‌ని, అందుకున్నది కేటీఆర్. చోటూ టైమూ తనే ప్రకటించి, ఆ టైముకి వచ్చి, ముఖ్యమంత్రి కోసం ఒక కుర్చీ వేయించి ఎదురుచూశారు. ముఖ్యమంత్రి ఆ రోజు ఢిల్లీలో ఉన్నారు. చర్చ అసెంబ్లీలో పెట్టుకుందాం, కేసీఆర్‌నే రమ్మనండి అన్నది కాంగ్రెస్ వైపు నుంచి వచ్చిన జవాబు.

మనకిది బాగా అలవాటైన తంతు. "దమ్ముంటే చర్చకు రా" అనే మాట తెలుగు రాజకీయాల్లో వినపడని వారం ఉండదు. తమాషా ఏంటంటే, ఆ మాట అన్నవాడూ చర్చ జరుగుతుందని అనుకోడు, విన్నవాడూ అనుకోడు. సవాల్ విసరడంతోనే పని పూర్తయిపోతుంది. సాయంత్రం బులెటిన్లో అవతలివాడు "తోక ముడిచాడు", ఇవతలివాడు "పారిపోయాడు". రైతు సంగతి మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

ఈ తంతుని కాసేపు పక్కన పెట్టి, దాని కింద ఉన్న ప్రశ్నని విడిగా చూడాలని ఉంది. పోటీలో వెనకబడి ఉన్నవాళ్ళు చర్చ కావాలంటారు, ముందున్నవాళ్ళు అక్కర్లేదంటారు. దేశమేదైనా, పార్టీ ఏదైనా, ఇది దాదాపు ప్రకృతి నియమం. మరి ముందున్న అభ్యర్థి చర్చకి రాకపోతే అది ఎత్తుగడ మాత్రమేనా? లేక తప్పు కూడానా? అందులోనూ, ఎవరికీ ఇంకా ఒక్క ఓటు కూడా పడని తొలి రోజుల్లో?

ముందు వాళ్ళ లెక్క వాళ్ళ వైపు నుంచి చూద్దాం. 60 బంతుల్లో 20 పరుగులు కావాల్సినప్పుడు ఎవడూ రివర్స్ స్వీప్ ఆడడు. ముందున్నవాడికి చర్చ అంటే రివర్స్ స్వీపే. బాగా మాట్లాడితే కొత్తగా వచ్చేది కొంచెం, నోరు జారితే పోయేది చాలా. పైగా ఒకే వేదిక మీద నిలబడగానే అవతలివాడు తన స్థాయికి వచ్చేస్తాడు.

2023 ఆగస్టు 23న మిల్వాకీలో రిపబ్లికన్ పార్టీ మొదటి ప్రైమరీ డిబేట్‌కి 8 మంది వచ్చారు, ట్రంప్ రాలేదు. తనెవరో, తన పాలన ఎలా ఉందో జనానికి తెలుసన్నది ఆయన చెప్పిన కారణం. అదే సమయానికి టకర్ కార్ల్‌సన్‌తో ముందే రికార్డ్ చేసిన ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో వదిలారు. ఆ సీజన్లో ఒక్క ప్రైమరీ డిబేట్‌కీ వెళ్ళలేదు. నామినేషనూ గెలిచారు, ఎన్నికా గెలిచారు. 2024 జనవరికి నికీ హేలీ కూడా, ట్రంప్ గానీ బైడెన్ గానీ ఎదురుగా ఉంటే తప్ప ఇక డిబేట్లకి రానన్నారు. న్యూ హాంప్‌షైర్‌లో జరగాల్సిన డిబేట్ రద్దయింది. ముందున్నవాడు రానప్పుడు మిగిలినవాళ్ళ మధ్య జరిగే చర్చకి ఎంత విలువ మిగులుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ఈ లెక్క ప్రతిసారీ కుదరదు. 1980లో రీగన్ అయోవా డిబేట్‌కి వెళ్ళకుండా అయోవాని జార్జ్ బుష్‌కి పోగొట్టుకున్నారు. 2017లో బ్రిటన్ ప్రధాని థెరెసా మే ఎన్నికల డిబేట్‌కి తన బదులు ఆంబర్ రడ్‌ని పంపి, వారం తిరిగేసరికి మెజారిటీ కోల్పోయారు. కానీ 2019లో బోరిస్ జాన్సన్ వాతావరణం మీద డిబేట్‌కి రాకపోతే ఛానల్ 4 వాళ్ళు ఆయన స్థానంలో మంచు శిల్పం పెట్టారు. లైట్ల వేడికి మంచు కరుగుతూనే ఉంది, ఆయన 80 సీట్ల మెజారిటీతో గెలిచారు. ఈ ఫలితాలకి ఆ గైర్హాజరే కారణమని ఎవరూ రుజువు చేయలేరు. కాబట్టి "రాకపోతే నష్టపోతారు, అందుకే రండి" అని భయపెట్టి ఒప్పించలేం. రావాలి అనదలుచుకుంటే కారణం ఇంకెక్కడైనా వెతకాలి.

మన దగ్గర అమెరికా తరహా ప్రైమరీలు లేవు. ముఖ్యమంత్రి ఎవరన్నది హైకమాండ్ సీల్డ్ కవర్‌లోనో, ఇంటి హాల్లోనో తేలిపోతుంది. దానికి కాస్త దగ్గరగా ఈ మధ్య కాలంలో జరిగింది ఒక్కటే: 2022 అక్టోబర్‌లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక. మల్లికార్జున ఖర్గే, శశి థరూర్. గాంధీభవన్‌తో సహా అన్ని రాష్ట్రాల పీసీసీ ఆఫీసుల్లో డెలిగేట్లు రహస్య ఓటు వేశారు. బహిరంగ చర్చకి తను సిద్ధమని, బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ నాయకత్వ పోటీలాగా దీనివల్ల జనానికి పార్టీ మీద ఆసక్తి పెరుగుతుందని థరూర్ అన్నారు. ఖర్గే ఆ దారికి రాలేదు. ఇది పార్టీ లోపలి వ్యవహారం, మామధ్య తగువు లేదు అన్నది ఆయన ధోరణి. 7,897 ఓట్లతో ఖర్గే గెలిచారు, థరూర్‌కి 1,072.

చర్చ జరిగినా ఖర్గేనే గెలిచేవారు, అందులో నాకు సందేహం లేదు. యాభై ఏళ్ళకి పైబడిన రాజకీయ జీవితం, కింది నుంచి కట్టుకుంటూ వచ్చిన సంబంధాలు ఆయనవి. అయినా ఒకటి పోయింది. రెండు దశాబ్దాల తర్వాత జరిగిన పోటీలో, పార్టీ ఎందుకు వరసగా ఓడుతోందన్న ప్రశ్నకి ఇద్దరూ ఒకే చోట నిలబడి జవాబు చెప్పాల్సిన ఒక్క సాయంత్రం పోయింది. ఆ సాయంత్రం ఓట్ల లెక్కని మార్చకపోవచ్చు. మార్చనప్పుడు దాని విలువ ఏంటి?

దీనికి జవాబు థరూర్ చూపించిన బ్రిటన్ ఉదాహరణలోనే దొరుకుతుంది. అదే ఏడాది జులైలో లిజ్ ట్రస్, రిషి సునక్ టీవీలో ఎదురెదురుగా నిలబడ్డారు. అప్పు తెచ్చి పన్నులు తగ్గిస్తే ధరలూ వడ్డీలూ పెరుగుతాయని సునక్ మొహం మీదే చెప్పారు. పార్టీ సభ్యులు విన్నారు, విని 57 శాతం మంది ట్రస్‌నే ఎన్నుకున్నారు. సెప్టెంబర్ 23న మినీ బడ్జెట్ వచ్చింది, మార్కెట్లు కూలాయి, అక్టోబర్ 20న ట్రస్ రాజీనామా ప్రకటించారు. ఢిల్లీలో ఖర్గే గెలుపు ప్రకటించిన మర్నాడు.

"చూశారా, చర్చ వల్ల ఏమీ ఆగలేదు" అని దీన్ని చదవొచ్చు. నేను ఇంకోలా చదువుతాను. చర్చ జరిగింది కాబట్టే "ఇలా అవుతుందని ఎవరికి తెలుసు" అనే అవకాశం ట్రస్‌కి గానీ ఆమెని ఎన్నుకున్నవాళ్ళకి గానీ లేకుండా పోయింది. హెచ్చరిక రికార్డయి ఉంది. ఓటు వేసినవాళ్ళు తెలిసే వేశారు. తెలిసి వేసిన ఓటు తప్పైనా అది మన తప్పు, దాన్నుంచి ఏదో ఒకటి నేర్చుకోవచ్చు. తెలియనివ్వకుండా వేయించిన ఓటులో మన ఒప్పుకోలే సగం. చర్చ గెలుపోటముల్ని మార్చే యంత్రమని అనుకున్నంత కాలం మనకి నిరాశే. ఒప్పుకోలుని నిండుగా చేసేది అనుకుంటే మాత్రం, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన పోటీలో కూడా అది అవసరమే.

మరి ర్యాలీలు లేవా, ఇంటర్వ్యూలు లేవా? ఉన్నాయి. ర్యాలీలో ప్రశ్న ఉండదు. ఇంటర్వ్యూలో ప్రశ్న ఉంటుంది కానీ, ఎవరికి ఇంటర్వ్యూ ఇవ్వాలో ఇచ్చేవాళ్ళే ఎంచుకుంటారు. తను ఎంచుకోని ప్రశ్న, తను ఎంచుకోని మనిషి నుంచి, జనం చూస్తుండగా ఎదురయ్యేది చర్చలో మాత్రమే. 2024లో మా సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో ప్రధాన పార్టీల నుంచి ముగ్గురు: బీజేపీ నుంచి కేంద్రమంత్రి కిషన్ రెడ్డి, బీఆర్ఎస్ నుంచి సికింద్రాబాద్ ఎమ్మెల్యే పద్మారావు గౌడ్, కాంగ్రెస్ నుంచి దానం నాగేందర్. దానం అంతకు కొన్ని నెలల ముందే బీఆర్ఎస్ టికెట్ మీద ఖైరతాబాద్ ఎమ్మెల్యేగా గెలిచి, ఆ పదవిలో ఉండగానే కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. ఇది సరైనదేనా అని ఆయన్ని అడగాలి. మీ పార్టీలు ఇదే పని చేసినప్పుడు మీరేమన్నారు అని మిగతా ఇద్దర్నీ అడగాలి. విడివిడిగా అడిగితే మూడు ప్రెస్‌మీట్లు, మూడు ఉపన్యాసాలు. ఒకే బల్ల ముందు అడిగితే ఒకరి జవాబు ఇంకొకరికి ప్రశ్న అవుతుంది.

అలాంటి ప్రశ్న ఏం చేయగలదో చెప్పడానికి అందరూ ఎత్తే ఉదాహరణ 1858 నాటిది. ఇల్లినాయ్‌లో సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ దేశమంతా తెలిసిన పేరు, ఎదుటి లింకన్ అంత కాదు. చర్చ వల్ల లాభం లింకన్‌దేనని డగ్లస్‌కి తెలుసు. తెలిసీ ఏడు చోట్ల, చోటుకి మూడు గంటల చొప్పున చర్చించారు. సీటు డగ్లస్‌కే దక్కింది. కానీ ఫ్రీపోర్ట్‌లో, రాష్ట్రంగా మారకముందే ఒక ప్రాంతపు జనం బానిసత్వాన్ని వద్దనుకోవచ్చా అని లింకన్ అడిగిన ప్రశ్నకి ఆయన వద్దనుకోవచ్చని జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ జవాబు దక్షిణాది డెమోక్రాట్లకి ఆయన మీద అప్పటికే ఉన్న అనుమానాన్ని ఇంకా పెంచింది. 1860 నాటికి ఆ పార్టీ రెండుగా చీలింది, లింకన్ అధ్యక్షుడయ్యారు. డగ్లస్ ఎత్తుగడగా చేసింది పొరపాటే కావచ్చు. కానీ ఆ దేశానికి బానిసత్వం మీద ఎవరెక్కడ నిలబడ్డారో తెలిసింది ఆ పొరపాటు వల్లే.

ఇక గట్టి అభ్యంతరం. టీవీ చర్చ అంటే ఏముంది, వాక్చాతుర్యం పరీక్ష. పాలించడం వేరు, పంచ్ డైలాగ్ కొట్టడం వేరు. నెమ్మదిగా ఆలోచించి నిర్ణయం తీసుకునే మనిషి 60 సెకన్లలో మాట్లాడమంటే తడబడతాడు, వాగుడుకాయ మెరిసిపోతాడు. ఎనిమిది, పది మందిని వరసగా నిలబెట్టే తొలి డిబేట్లలో అయితే మరీను. ఇది నిజం. మన న్యూస్ ఛానళ్ళలో రాత్రి 8 గంటలకి జరిగేది చూసినవాళ్ళెవరూ దీన్ని కాదనలేరు.

దీనికి మన న్యాయశాస్త్రంలో మంచి పనిముట్టు ఉంది. గౌతముడి న్యాయసూత్రాలు చర్చని మూడు రకాలుగా విడదీస్తాయి. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా అవతలివాడిది పడగొట్టడానికే చేసేది వితండం. ఎన్నికల చర్చ మహా అయితే జల్పం, తరచుగా వితండం. ఆశ్చర్యమేంటంటే న్యాయసూత్రాలు జల్పాన్నీ వితండాన్నీ పనికిమాలినవని తోసిపుచ్చవు. మొలకల్ని కాపాడటానికి ముళ్ళకంప కంచె వేసినట్టు, తేల్చుకున్న సత్యాన్ని కాపాడుకోవడానికి అవీ కావాలంటాయి. నాకు ఈ పోలిక ఎంతో నచ్చుతుంది. కంప మీద పంట పండదు. అలాగని కంచె తీసేస్తే మొలకలు మిగలవు.

పైగా జల్పం బాగా లేదంటే నిబంధనలు మార్చాలి. ఇద్దరికీ చెరో అరగంట ఇవ్వాలి, ఒకే అంశం పెట్టాలి, చప్పట్లు కొట్టే జనాన్ని బయట కూర్చోబెట్టాలి. చర్చ చౌకబారుగా ఉందని రాని నాయకులు, మంచి చర్చకి నిబంధనలు రాసి పంపిన సందర్భం నాకు గుర్తురావట్లేదు. 2024 మేలో మాజీ న్యాయమూర్తులు మదన్ లోకూర్, ఏపీ షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి మోదీనీ రాహుల్ గాంధీనీ ఏ పార్టీకీ చెందని వేదిక మీద చర్చకి పిలిచారు. రాహుల్ ఒప్పుకున్నారు. బీజేపీ యువమోర్చా తమ ఉపాధ్యక్షుడి పేరు చెప్పి, ఆయనతో చర్చించమంది. ఇక్కడ కాంగ్రెస్‌ని మెచ్చుకునేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. 2009లో అద్వానీ టీవీ చర్చకి రమ్మంటే మన్మోహన్ సింగ్ వెళ్ళలేదు. కుర్చీలు మారాయి, సూత్రం మారలేదు.

సూత్రం మారనప్పుడు, అది పార్టీలకన్నా లోతైన చోట నుంచి వస్తోందన్నమాట. మన ఇళ్ళలో, బళ్ళలో, ఆఫీసుల్లో ప్రశ్న ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుంది. అడిగేవాడు పెద్ద, చెప్పుకునేవాడు చిన్న. "నన్నే నిలదీస్తావా?" అనే మాటలో కోపం ప్రశ్న మీద కాదు, దిశ మీద. ఉద్యోగం అవసరమైనవాడే ఇంటర్వ్యూలో కూర్చుంటాడు. ముందున్నవాళ్ళు చర్చకి రాకపోవడం వల్ల జరిగే అసలు నష్టం నాకు ఇక్కడ కనిపిస్తుంది. ఓటు అవసరం ఎక్కువున్నవాళ్ళే ప్రశ్నలకి నిలబడతారు, గెలిచే ధీమా ఉన్నవాళ్ళు నిలబడరు అని స్థిరపడితే, జవాబు చెప్పడమే బలహీనుడి లక్షణం అయిపోతుంది. అధికారానికి ఎవరు ఎంత దగ్గరగా ఉంటే వాళ్ళు ప్రశ్నకి అంత దూరంగా ఉంటారు. ప్రజాస్వామ్యంలో ఉండాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. జవాబుదారీ అనే మాటలో మొదట ఉన్నది జవాబే.

శ్రీనాథుడి కథ మనందరికీ తెలుసు. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో డిండిమభట్టుకి కంచుఢక్క ఉండేదని, శ్రీనాథుడు వాదంలో గెలిచి దాన్ని పగలగొట్టించాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. మనం ఎప్పుడూ శ్రీనాథుడి వైపు నుంచే మురిసిపోతాం. ఒకసారి డిండిమభట్టు వైపు నుంచి చూడండి. ఆయనకి వాదంలో దిగితే వచ్చేదేం లేదు, పోయేది ఢక్క. అయినా దిగాలి. ఎందుకంటే ఢక్క మోగించడమంటేనే "నన్ను మించినవాడు లేడు" అని అందరికీ చాటడం. అలా చాటుకున్నవాడికి, పరీక్షకి రానని చెప్పే హక్కు లేదు. ఇవాళ సర్వే నంబర్లే ఢక్క. ముందున్న అభ్యర్థి ఆ నంబర్లని ఊరికే దాచుకోడు, వాటినే ప్రచారం చేస్తాడు. "ఎలాగూ గెలిచేది మనమే, ఓటు వృథా చేసుకోకండి" అంటాడు. తన ఆధిక్యాన్నే ఓటుకి కారణంగా చూపించినప్పుడు, ఆ ఆధిక్యం దేని మీద నిలబడి ఉందో అడిగే హక్కు మనకి వస్తుంది.

తొలి రోజుల్లో ఈ హక్కు ఇంకా బలంగా ఉంటుంది. మొదటి నెలల్లో సర్వేలు ఎక్కువగా కొలిచేది పేరు ఎంతమందికి తెలుసన్నది. ఇంకా ఎవరూ సరిపోల్చి చూడలేదు, సరిపోల్చడానికి ఏమీ జరగలేదు. అప్పుడే "జనం తేల్చేశారు, చర్చ ఎందుకు" అంటే, పరీక్ష రాయకముందే ఫలితం చూపించడమే. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. డిజైన్ రివ్యూ కోడ్ రాయకముందే పెడతారు, ఎందుకంటే తప్పు దొరికినా మార్చడం అప్పుడే తేలిక. రిలీజ్ ముందు రోజు పెట్టే రివ్యూలో అందరూ తలూపుతారు. టీమ్‌లో సీనియర్ ఆర్కిటెక్ట్ డిజైన్‌కి రివ్యూ అక్కర్లేదంటే, ఆ టీమ్‌లో రివ్యూ అనేది జూనియర్లకి వేసే శిక్షగా మిగులుతుంది. ఎన్నికల్లోనూ అంతే. నామినేషన్ ఖరారయ్యాక అడిగే ప్రశ్నకి పార్టీ అంతా కవచంలా నిలబడుతుంది. ముందు అడిగితే అభ్యర్థి ఒక్కడే నిలబడాలి.

సభాపర్వంలో ద్రౌపది నిండు సభలో ఒక ప్రశ్న అడుగుతుంది. తనని తాను ఓడిపోయిన మనిషి నన్ను ఒడ్డగలడా అని. భీష్ముడు ధర్మం సూక్ష్మమంటాడు. మిగతా పెద్దలు మౌనం. అప్పుడు విదురుడు లేచి, సభలో అడిగిన ప్రశ్నకి తెలిసీ జవాబు చెప్పనివాడికి అబద్ధమాడిన పాపంలో సగం చుట్టుకుంటుందంటాడు. మౌనాన్ని తటస్థత అనుకునే మనకి ఈ లెక్క కాస్త కటువుగా ఉంటుంది. కానీ విదురుడి మాటలో ఒక షరతు ఉంది, అది సభ. దారిన పోయేవాడు ఎవడో అడిగినదానికల్లా జవాబు చెప్పాలని ఆయన అనలేదు.

ఈ షరతు ఖాళీ కుర్చీకీ వర్తిస్తుంది. ఒక పక్షం తనే తేదీ, తనే చోటు పెట్టుకుని, రాకపోతే కుర్చీకి ఫొటో తీయించడం సభ కాదు. దానికి వెళ్ళనందుకు ఎవర్నీ తప్పుపట్టలేం. అసెంబ్లీలో మాట్లాడుకుందాం అనడం న్యాయమైన మాటే. కాకపోతే ఆ అసెంబ్లీ సంగతీ చూడాలి. ఫిరాయించిన ఎమ్మెల్యేల మీద చర్య తీసుకోలేదని 2017లో జగన్ పార్టీ సభకి రావడం మానేసింది, 2019లో 151 సీట్లతో గెలిచింది. తన కుటుంబాన్ని అవమానించారని 2021 నవంబర్ 19న చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని బయటికెళ్ళారు, 2024లో అలాగే వచ్చారు. 11 సీట్లకి పడిపోయిన జగన్ ప్రతిపక్ష హోదా ఇస్తే గానీ రానంటున్నారు. 2023 ఓటమి తర్వాత కేసీఆర్ సభలో కనిపించింది చాలా అరుదు. అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగంలోని 190(4) చెబుతుంది. వీళ్ళ కారణాల్లో నిజమైన బాధ ఉండొచ్చు. కానీ జీతమిచ్చి, మైకిచ్చి, మనం కట్టించిన సభకే రానివాళ్ళు టీవీ స్టూడియోకి ఎందుకొస్తారు?

వాళ్ళు రాకపోవడానికి వాళ్ళ లెక్క ఒక్కటే కారణం కాదు, ఆ లెక్క సరిపోయేలా చూస్తున్నది మనమే. రాని నాయకుడు మన పార్టీవాడైతే "వ్యూహం", అవతలివాడైతే "పిరికితనం". ఈ అలవాటు ఉన్నంత కాలం ఏ నిబంధనా పనిచేయదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి సవాల్‌కీ పరిగెత్తక్కర్లేదు. పది డిబేట్లకీ రానక్కర్లేదు. ఏ పక్షానిదీ కాని వేదిక మీద, ముందే ఒప్పుకున్న నిబంధనలతో, తేలిపోకముందే, ఒక్కసారి. ముందున్నవాళ్ళు దీనికి బాకీ ఉన్నారని నా వాదన. ఆ బాకీ వెనకబడ్డ ప్రత్యర్థికి కాదు, ఇంకా ఓటు వేయని మనకి. వచ్చే ఎన్నికల్లో మీరు ఎవరికి వేయాలనుకుంటున్నారో, మొదటి ప్రశ్న వాళ్ళనే అడగండి: చర్చకి వస్తారా అని. అవతలి పార్టీవాణ్ణి అడగడం ఎవరికైనా తేలికే.